మన మాటకో కమీషను

'ఇంట్లో కూర్చుని రోజుకు 2 గంటలు పని చేస్తే చాలు, నెలకు 30 వేలు మీ ఖాతాలో!' ఇలాంటి మెసేజి ఫోనులోకి రాని ఇల్లాలు ఈ రోజుల్లో ఉండదేమో. పిల్లల డబ్బాలు సర్ది, అయ్యగారిని ఆఫీసుకు సాగనంపి, రెండో కాఫీ కలుపుకునే వేళకు సరిగ్గా వచ్చి వాలుతుంది. పంపించేవాళ్ళకు మన వేళలు తెలుసు. అంతకంటే ముఖ్యంగా మన అవసరం తెలుసు.

ఆ అవసరం సంగతే ముందు చెప్పుకుందాం. డిగ్రీలు చదివి, పెళ్ళయ్యాకో పిల్లలు పుట్టాకో ఉద్యోగం మానేసినవాళ్ళం మనలో ఎంతమందిమి! ఇంట్లో లోటేమీ లేకపోవచ్చు. అయినా పుట్టింటికి వెళ్ళేటప్పుడు అమ్మకో చీర కొనాలన్నా, చెల్లెలి కూతురి చేతిలో 500 రూపాయలు పెట్టాలన్నా 'ఎందుకూ?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అడగడమూ కష్టమే, అడక్కపోవడమూ కష్టమే. పైగా 'పగలంతా ఖాళీయేగా' అన్న మాటొకటి! 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. అంటే మన ఖాళీ ఎంత ఖాళీయో సర్కారు లెక్కే చెబుతోంది. పిల్లల చదువూ, పెద్దవాళ్ళ మందులూ చూసుకునే వేళలు వేరే!

అందుకే ఇంటిపట్టున ఉంటూ నాలుగు రాళ్ళు సంపాదించుకునే దారి ఉందంటే చెవి ఒగ్గుతాం. అందులో తప్పేమీ లేదు. ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న దారి 'అఫిలియేట్ మార్కెటింగ్'. పేరు వినగానే కొందరు 'అంతా మోసం' అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు లక్షలొస్తాయని ఎగబడతారు. ఈ రెండూ నిజం కాదు. అది నిఖార్సయిన పనే. కాకపోతే దాని పేరు పెట్టుకుని తిరుగుతున్న నకిలీలు బోలెడు. అసలేదో నకిలీ ఏదో పోల్చుకోవడం వస్తువులు కొనేటప్పుడు మనకు కొత్తేమీ కాదు. ఆ తెలివినే ఇక్కడా వాడాలి.

కొత్త పేరు, పాత పని

తేలిక మాటల్లో చెప్పాలంటే ఇది లింకు మీద కమీషను. ఆన్‌లైన్‌లో సరుకులమ్మే కంపెనీ దగ్గర మనం పేరు నమోదు చేసుకుంటాం. వాళ్ళు మన గుర్తు కలిసిన ఒక లింకు ఇస్తారు. మనం ఒక వస్తువు గురించి వీడియోలో చెప్పో, రాసో, ఫోటో పెట్టో ఆ లింకు జత చేస్తాం. చూసినవాళ్ళు ఆ లింకు నొక్కి వస్తువు కొంటే కంపెనీ తన లాభంలో కొంత మనకిస్తుంది. కొన్నవాళ్ళు మామూలు ధరే ఇస్తారు, మన కోసం పైసా ఎక్కువ కట్టరు. సరుకు మనం కొని పెట్టుకోనక్కర్లేదు, ప్యాకింగు, డెలివరీ బెడద అసలే లేదు.

ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చింది అమెజాన్. 1996లో, ఇంకా పుస్తకాలు మాత్రమే అమ్ముకుంటున్న రోజుల్లో, 'మా పుస్తకాన్ని మీరు సిఫారసు చెయ్యండి, అమ్ముడైతే కమీషనిస్తాం' అంటూ మొదలుపెట్టింది. 2013లో మన దేశంలో దుకాణం తెరిచాక ఆ సదుపాయం ఇక్కడికీ వచ్చింది. దీనికి దగ్గరగా ఉండే మరో పద్ధతి తిరిగి అమ్మడం. 2015లో బెంగుళూరులో మొదలైన మీషో తొలి రోజుల్లో పెరిగింది ఇలాగే. గృహిణులు చీరల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి, తమ లాభం కలుపుకుని ధర చెప్పేవారు. ఇందులో ధర మనం పెడతాం, లింకు కమీషనులో కంపెనీ పెడుతుంది. తేడా అదే.

అయినా కమీషను సంపాదన మనకు కొత్తదా? పోస్టాఫీసు ఆర్.డి. కట్టించుకోవడానికి నెలనెలా కార్డులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మహిళా ఏజెంట్లను చూడలేదూ! ఆ పథకం 1972 నాటిది. 100 రూపాయలు కట్టిస్తే 4 రూపాయలు కమీషను. ఆ 4 రూపాయల మీదే కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాళ్ళున్నారు, కొడుకుల్ని ఇంజినీరింగు చదివించినవాళ్ళున్నారు. వాళ్ళను ఎవరూ మోసగత్తెలనలేదు. ఆవిడ ఏజెంటని అందరికీ తెలుసు, కట్టిన డబ్బు ప్రభుత్వం దగ్గరుందనీ తెలుసు. తెలిసి ఇచ్చే కమీషను కష్టార్జితమే.

లెక్క వేసుకుని చూద్దాం

అయితే ఎంత వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటేసేవాళ్ళే ఎక్కువ. మనం పద్దుల పుస్తకం తీసి లెక్క కడదాం.

నెలకు 5,000 రూపాయలు కావాలనుకుందాం. కమీషను ఒక్కో వస్తువుకు ఒక్కో రకంగా ఉంటుంది. ఫోన్లలాంటి వాటికి తక్కువ, బట్టలూ అలంకరణ సామగ్రిలాంటి వాటికి కాస్త ఎక్కువ. లెక్క కోసం 5 శాతం అనుకుందాం. 5,000 రావాలంటే మన లింకు ద్వారా లక్ష రూపాయల సరుకు అమ్ముడుపోవాలి. ఒక్కొక్కరు 500 రూపాయల వస్తువు కొన్నా 200 మంది కొనాలి. లింకు నొక్కిన ప్రతివాళ్ళూ కొనరు. మనం మాత్రం కొంటామా? వందమంది నొక్కితే ఇద్దరు కొన్నారనుకుంటే 10 వేల మంది నొక్కాలి. చూసినవాళ్ళలో 20 మందికి ఒక్కరు నొక్కినా, 2 లక్షల మంది చూడాలి. ప్రతి నెలా!

అక్కడితో అయిందా? ఆ 200 మందిలో 40 మంది సైజు సరిపోలేదనో రంగు నచ్చలేదనో వాపసు చేస్తే ఆ కమీషనూ వాపసే. 5,000 కాస్తా 4,000 అవుతుంది. అదైనా వెంటనే రాదు. వాపసుల గడువు తీరాలి కాబట్టి అమెజాన్‌లాంటి సంస్థ నెల ముగిశాక దాదాపు 60 రోజులకు చెల్లిస్తుంది. సంక్రాంతికి అమ్మిన సరుకు డబ్బు ఉగాది దగ్గరపడితే గాని చేతికి రాదన్నమాట.

షరతులు కూడా చదువుకోవాలి. మన లింకు మీద మనమే కొనుక్కుంటే కమీషను ఇవ్వరు. లింకు నొక్కిన తరవాత ఇంత గడువులోపు కొంటేనే లెక్క అనే నియమం ఉంటుంది. అమెజాన్‌లో మామూలుగా అది 24 గంటలు. చేరిన 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు. కొన్ని సంస్థలు లింకును సొంత మెసేజీల్లో, ఈ-మెయిళ్ళలో పంపొద్దంటాయి. అవేవీ చూడకుండా బంధువుల గ్రూపులన్నింటిలో కుమ్మరిస్తే వచ్చిన నాలుగు రూపాయలూ పోతాయి, చిన్నత్తగారి చేత చీవాట్లూ మిగులుతాయి.

ఇంకో మాట. ఈ కమీషను రేటు కంపెనీ చేతిలో ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ ఫర్నిచరు, ఇంటి సామాన్ల మీద 8 శాతం ఉన్నదాన్ని ఒక్కసారిగా 3 శాతం చేసేసింది. కిరాణా సరుకుల మీద 5 ఉన్నది 1 అయింది. కరోనాతో జనం ఇళ్ళల్లో ఉన్న రోజులవి. ఈ ఆదాయం మీదే ఇల్లు గడుపుకుంటున్నవాళ్ళ గతి ఏమిటో ఊహించుకోండి. అద్దె కొంపలో పెట్టిన దుకాణం లాంటిది ఇది. ఇంటివారు అద్దె పెంచినా ఖాళీ చెయ్యమన్నా చేసేదేమీ ఉండదు. అందుకే దీన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానుకోకూడదు, అప్పు చేసి కెమెరాలూ లైట్లూ కొనకూడదు. కొంతకాలం పడ్డ కష్టానికి తగిన ఫలం కనబడదు. ఆ తరవాత పాత వీడియో ఒకటి మనం నిద్రపోతున్నప్పుడు కూడా నాలుగు రూపాయలు తెచ్చిపెట్టొచ్చు. ఇదీ ఉన్నదున్నట్టు చెప్పే లెక్క.

డబ్బు ఎటు నుంచి ఎటు?

ఇక నకిలీల సంగతి. పోల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? అసలైన దానిలో డబ్బు కంపెనీ నుంచి మన వైపు వస్తుంది. మన నుంచి వాళ్ళకు ముందుగా పైసా కూడా వెళ్ళదు. 'రిజిస్ట్రేషను', 'సెక్యూరిటీ డిపాజిట్', 'ఐడీ యాక్టివేషను' ఏ పేరు పెట్టినా సరే, సంపాదించడానికి ముందే డబ్బు కట్టమన్నారంటే అక్కడ ఆగిపోవాలి.

మొదటి రకం నకిలీ 'టాస్కు'లది. ముందు మూడు వీడియోలకు లైకు కొట్టమంటారు. నిజంగానే 150 రూపాయలు ఖాతాలో వేస్తారు. మన సంబరం ఇంతా అంతా కాదు! తరవాత టెలిగ్రాం గ్రూపులో చేరుస్తారు. అక్కడ 'నాకు 20 వేలొచ్చాయి మేడమ్' అంటూ రోజుకు పదిమంది చెబుతుంటారు. వాళ్ళంతా ఆ ముఠావాళ్ళే. ఇప్పుడు 1,000 కడితే 1,300 అంటారు, అదీ ఇస్తారు. 10 వేలు కట్టాక మాత్రం 'మీ టాస్కు తప్పయింది, ఇంకో 30 వేలు కడితే మొత్తం విడుదలవుతుంది' అంటారు. పోయిన డబ్బు కోసం ఇంకా డబ్బు పోస్తూ గాజులు తాకట్టు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ఇలాంటి ఒక్క వ్యవహారంలోనే 712 కోట్ల రూపాయలు చేతులు మారాయని చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం ఇలాంటి 100కు పైగా వెబ్‌సైట్లను మూసివేయించింది. అప్పుడు హోంశాఖ చేసిన ప్రకటనలో, ఈ ముఠాలు గురిపెట్టేది రిటైరైనవాళ్ళను, ఆడవాళ్ళను, నిరుద్యోగ యువతను అని స్పష్టంగా ఉంది. మన పేరు వాళ్ళ జాబితాలో ఉందన్నమాట!

రెండో రకం గొలుసుకట్టు. 'మీరు చేరండి, మీ కింద ఇద్దర్ని చేర్చండి'. వస్తువేదో పేరుకి ఉంటుంది, అసలు సంపాదన మనుషుల్ని చేర్చడం మీద. ఇలాంటి డబ్బు చలామణీ పథకాలను మన దేశంలో 1978లోనే చట్టం చేసి నిషేధించారు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా గొలుసుకట్టును, చేరడానికి రుసుము వసూలు చెయ్యడాన్ని వద్దన్నాయి. నడిపేవాడితోపాటు చేర్చినవాళ్ళూ చట్టం దృష్టిలో దోషులే కావచ్చు. 'నాకేం తెలుసు, మా వదినగారు చెబితే చేరాను, మా తోడికోడల్ని చేర్చాను' అంటే సరిపోదు.

మూడోది కాస్త సూక్ష్మమైంది, చదువుకున్నవాళ్ళు కూడా పడేది. 'అఫిలియేట్ మార్కెటింగ్ నేర్పిస్తాం, కోర్సు 4,999 రూపాయలు' అంటారు. కట్టి చూస్తే ఆ కోర్సులో నేర్పేది ఒక్కటే, అదే కోర్సును ఇంకొకళ్ళకి ఎలా అంటగట్టాలో! కారు పక్కన నిలబడి ఫోటో ఎలా దిగాలో, ఫోనులో జమైనట్టు స్క్రీన్‌షాట్ ఎలా పెట్టాలో కూడా చెబుతారు. దీన్ని పోల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఈ పథకంలో చేరి సంపాదించే ఉద్దేశం ఏమాత్రం లేని మనిషి, కేవలం ఆ వస్తువు కోసమే డబ్బిచ్చి కొంటుందా? కుక్కరు కొంటుంది, నైటీ కొంటుంది, పిల్లల బొమ్మల పుస్తకం కొంటుంది. ఆ కోర్సు కొంటుందా? కొనదు. అయితే అది సరుకు కాదు, వలలో గింజ.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం. 'మీ బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది, మీ కమీషను ఉంచుకుని మిగతాది పంపెయ్యండి' అంటారు. అది ఎవరో దోచుకున్న సొమ్ము. పోలీసులు ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళ గడపే తొక్కుతారు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు, దగ్గరివాళ్ళు అడిగినా సరే.

ఒకవేళ పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆయనకు తెలిస్తే తిడతారని నాలుగు రోజులు దాచి ఏడ్చేవాళ్ళ డబ్బే పూర్తిగా పోతోంది. ఇంట్లోవాళ్ళకూ ఒక మాట: ఆవిడ ధైర్యం చేసి చెప్పినప్పుడు ముందు ఫోను చెయ్యండి, తిట్లు తరవాత చూసుకోవచ్చు.

దాపరికం పనికిరాదు

మోసాలను దాటుకుని అసలైన పనిలోకే వచ్చామనుకోండి. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. మనం అమ్ముతున్నది కుక్కరూ కాదు, చీరా కాదు. మన మాట. 'ఈవిడ చెప్పిందంటే బావుంటుంది' అన్న నమ్మకానికి కంపెనీ కమీషనిస్తోంది.

మా వీధిలో ఇంట్లోనే చీరలు పెట్టుకుని అమ్మే ఒకావిడ ఉన్నారు. ఎవరైనా ముదురు రంగు చీర చేతిలోకి తీసుకుంటే, 'అది రంగు దిగుతుందమ్మా, రోజూ కట్టేదానికి మీకొద్దు' అని ఆవిడే పక్కన పెట్టేస్తారు. ఆ పూట ఆ చీర అమ్ముడుపోదు. కానీ ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు తగ్గిన పండగ లేదు. లింకు కమీషనులోనూ నిలబడే వ్యాపారం అదొక్కటే. వస్తువులో లోపం చెప్పగలిగినప్పుడే దాని మంచిని నమ్ముతారు.

మరి మనకు కమీషనొస్తుందన్న సంగతి చెప్పాలా వద్దా? చెప్పాలి. అది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే దీనికి నిబంధనలు చేసింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు విడుదల చేసింది. కంపెనీతో మనకు డబ్బు సంబంధం ఉన్నా, ఊరికే వస్తువు పంపించినా ఆ సంగతి తేలిక మాటల్లో స్పష్టంగా చెప్పాలి. వీడియో అయితే కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో పెడితే చాలదు, నోటితో చెప్పాలి, తెర మీదా కనిపించాలి. ఇంకో ముఖ్యమైన నియమం, మనం స్వయంగా వాడని వస్తువును వాడినట్టు సిఫారసు చెయ్యకూడదు. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారికి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. ఈ నియమాలు సినిమా తారలకే అనుకోకండి. ఫోను ముందు నిలబడి 'హాయ్ ఫ్రెండ్స్' అన్న ప్రతివాళ్ళకీ వర్తిస్తాయి.

'ఈ లింకు ద్వారా మీరు కొంటే నాకు కొంత కమీషను వస్తుంది, మీకు ధర పెరగదు' అని ఒక్క తెలుగు వాక్యం చాలు. చెబితే కొనరేమోనని భయం ఉంటుంది. ఒకళ్ళిద్దరు కొనకపోవచ్చు కూడా. చెప్పకుండా సంపాదించి, ఆ తరవాత తెలిస్తే పోయేది ఆ ఒక్క అమ్మకం కాదు. 'ఇన్నాళ్ళూ నా మంచి కోసం చెబుతోందనుకున్నాను' అని స్నేహితురాలు అనుకునే రోజు రాకూడదు. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు గాని ఆ మాట మళ్ళీ సంపాదించుకోలేం.

కమీషను ఎక్కువైన కొద్దీ అనుమానమూ ఎక్కువ కావాలి. నెలలో 10 కిలోలు తగ్గించే పొడులూ, షుగరు జబ్బు పూర్తిగా మాన్పే లేహ్యాలూ, నల్లనివాళ్ళను తెల్లగా చేసే క్రీములూ మన నోటి మీదుగా వెళ్ళకూడదు. షుగరులాంటి కొన్ని జబ్బులను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అప్పుల యాప్‌లూ, షేర్ల టిప్పులూ కూడా అంతే. ఇక బెట్టింగు యాప్‌ల మాట సరేసరి. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాటి ప్రచారం చేశారన్న ఆరోపణ మీద యూట్యూబ్‌లో పేరున్నవాళ్ళ మీదా, సినిమావాళ్ళ మీదా కేసులు పెట్టారు. అదే ఏడాది పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతోపాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. ఎవరింట్లో పిల్లాడో ఆ లింకు నొక్కి తండ్రి జీతం పోగొడితే, అందులో మన వాటా కమీషనుతో కొన్న చీర ఎలా కట్టుకోగలం?

మొదలుపెట్టాలనుకుంటే

ఇన్ని జాగ్రత్తలు చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మనకున్న బలమూ తక్కువేమీ కాదు. పదేళ్ళు వాడిన మిక్సీ జారు గురించి, ఇడ్లీ పిండికి ఏ గ్రైండరు నయమో, చంటిపిల్లల గుడ్డలకు ఏ సబ్బు పడుతుందో చెప్పడానికి మనకంటే అర్హులెవరు? ఆ కంపెనీ ఇంజినీర్లకైనా ఇంత అనుభవం ఉండదు!

కాబట్టి ముందు ఒక్క విషయం ఎంచుకోండి. వంటపాత్రలో, పిల్లల పుస్తకాలో, కుట్టు సామానో, మిద్దెతోట కుండీలో, మీ చెయ్యి తిరిగిన పని ఏదైతే అది. అన్నీ చెప్పేవాళ్ళ మాట ఎవరూ వినరు. తెలుగులో, మీ ఊరి యాసలోనే చెప్పండి. ఇంట్లో ఉన్న వస్తువులతోనే మొదలుపెట్టండి. చెప్పడం కోసం కొత్తవి కొంటూ పోతే కమీషను కంటే ఖర్చు ఎక్కువవుతుంది. ఫోటోలు మీరే తీసుకోండి. ఇంకొకళ్ళ ఫోటోలూ రాతలూ ఎత్తుకొచ్చి పెడితే దొంగతనమే. పిల్లల ముఖాలూ, ఇంటి చిరునామా, బీరువా తాళాలూ వీడియోల్లో కనబడనివ్వొద్దు.

చేరేటప్పుడు కంపెనీ వెబ్‌సైటుకు మీ అంతట మీరు వెళ్ళి చేరండి, ఎవరో పంపిన లింకు నొక్కి కాదు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా మీ పేరునే ఉండాలి. 'మా ఆయన ఖాతాలో వేయించుకుంటే పోలా' అనుకోవద్దు. ఈ శ్రమంతా పడింది మన చేతిలో మన డబ్బు ఉండాలనే కదా! కమీషను ఏడాదికి 20 వేలు దాటితే కంపెనీ అందులో 2 శాతం ఆదాయపు పన్ను కింద మినహాయించి మిగతాది ఇస్తుంది. 5 శాతం ఉన్న ఈ మినహాయింపు 2024 అక్టోబరులో 2కు తగ్గింది. 20 వేల పరిమితి 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం కోసేస్తారు. మన ఆదాయం పన్ను కట్టాల్సినంత లేకపోతే రిటర్ను వేసి ఆ కోసిన డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను అనగానే కంగారు పడకండి. పాల లెక్కా, చిట్టీ లెక్కా రాసుకునే మనకు అదేమంత బ్రహ్మవిద్య కాదు.

ఆర్నెల్లు గడువు పెట్టుకోండి. ఒక చిన్న పుస్తకంలో ఎన్ని గంటలు వెచ్చించారో, డేటాకూ మరొకదానికీ ఎంతయిందో, ఎంత వచ్చిందో రాయండి. ఆర్నెల్ల తరవాత గంటకు ఎంత గిట్టిందో చూసుకోండి. గిట్టకపోతే సిగ్గుపడకుండా ఆపెయ్యండి. ఆ వేళల్లో నలుగురు పిల్లలకు ట్యూషను చెప్పడమో, ఊరగాయలు పెట్టడమో, బ్లౌజులు కుట్టడమో ఎక్కువ లాభసాటి కావచ్చు. కొత్తదనే మోజులో ఉన్న విద్యను వదులుకోనక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళ సాయం లేకపోతే ఈ పని కూడా మరో చాకిరీ అయి కూర్చుంటుంది. 289 నిమిషాలు అలాగే ఉండి, దాని మీద ఇంకో 120 నిమిషాలు ఫోనుతో తంటాలు పడితే మనకు మిగిలేది నడుంనొప్పే. రోజూ ఓ గంట వంటింటి బాధ్యత ఎవరో ఒకరు పంచుకుంటేనే ఈ సంపాదనకు అర్థం. ఆ గంట అడిగి తీసుకోవాలి. డబ్బు అడగడం కంటే అదే కష్టమని చాలామందికి అనుభవమే!

లక్షలొస్తాయన్న ఆశ చూపించేవాళ్ళను నమ్మొద్దు, ఆడవాళ్ళకెందుకీ కమీషను వ్యాపారాలనేవాళ్ళనూ పట్టించుకోవద్దు. మొదటి నెల 87 రూపాయలే రావచ్చు. దాంతో అరకిలో పంచదార వచ్చి, పావుకిలో రవ్వ కూడా వస్తుందేమో. అయినా దాపరికం లేకుండా, ఒక్కరికి కూడా అబద్ధం చెప్పకుండా, మన పేరున ఉన్న ఖాతాలో పడిన 87 రూపాయలవి. ఆ హల్వా ఎవరికి పెట్టాలో మనమే నిర్ణయించుకోవచ్చు.